పది లెక్కపెట్టు

పన్నెండున్నర దాకా లోపలి గదిలోంచి ఆకురాయి చప్పుడు వస్తూనే ఉంది. ఇనుము మీద ఇనుము రాసే ఆ గరగర వినిపించినంతసేపూ కూతురి ప్రాణం కుదుటగానే ఉంది. అలిగినా పని చేసుకుంటున్నాడు కదా అనుకుంది. పన్నెండున్నరకి అది ఆగిపోయింది. ఇప్పుడు రెండు కావస్తోంది.

“నాన్నా, ఒక్కసారి పలుకు. పోనీ తిట్టు. తిట్టినా చాలు.”

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆమె నేల మీద బోర్లా పడుకుని తలుపు కింది సందులోంచి చూసింది. వేలెడు సందు. లోపల లైటు వెలుగుతోంది. బల్ల కాళ్ళు, ఇనుపరజను, తండ్రి ఎడమకాలి బూటు కనిపించాయి. బూటు కదలడం లేదు. దాని పక్కనే, తను స్కేలుతో లోపలికి నెట్టిన మాత్రల అట్ట పడింది పడినట్టే ఉంది.

గుండె నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్రలవి. చొక్కా జేబులో ఉంచుకుంటాడు. ఆ చొక్కా బయట మేకుకి వేలాడుతోంది. పదకొండింటికి మొదటిసారి అట్ట లోపలికి నెడితే ఆయన బూటుతో బయటికి తన్నేశాడు. అప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. ఇప్పుడు మళ్ళీ తన్నేస్తే బాగుండునని ఉంది.

ఊళ్ళో ఎవరింటి తలుపు బిగుసుకుపోయినా ముందు గుర్తొచ్చేది ఈ తాళాలాయనే. అలాంటి మనిషి గది తలుపు తీయగలిగినవాడు మాత్రం ఎక్కడా లేడు. ఎవరి బీరువా తాళం బాగుచేసినా ఆ గదిలో గడియ పెట్టుకునే చేస్తాడు. ఒకరి బీరువా గుట్టు ఇంకొకరి కంట పడకూడదని ఆయన పట్టింపు. కన్నకూతురికైనా మినహాయింపు లేదు. అందుకే ఆ ఇనప తలుపుకి బయటివైపు తాళపు కన్నమే పెట్టలేదు. కీళ్ళు లోపలే, గడియ లోపలే, కోసే మిషను కూడా లోపలే.

నాలుగేళ్ళుగా తండ్రి దగ్గర పని నేర్చుకుని, ఏ తాళమైనా అయిదు నిమిషాల్లో తీసేస్తానని గొప్పలు పోయే పిల్ల, కన్నమే లేని తలుపు ముందు చేతులు ముడుచుకుని కూర్చుంది.

“ఫైరింజను వాళ్ళకి మళ్ళీ చేశాను తల్లీ. ఇంకో ముప్పావుగంట అంటున్నారు,” గుమ్మంలోంచి తొంగిచూశాడు పక్క షాపు సెలూనాయన. చేతిలో దువ్వెన అలాగే ఉంది. “ముప్పావుగంటంటే నేను నలుగురికి క్రాఫు చేసేస్తాను. వాళ్ళకి బండి స్టార్టు చెయ్యడానికే సరిపోయేట్టుంది.”

“అన్నయ్యకి మీరు ఫోన్ చెయ్యలేదు కదా?”

ఆయన దువ్వెన వంక చూసుకున్నాడు.

“చేశారా బాబాయ్?”

“కొడుకు కదమ్మా. చెప్పకపోతే ఎలా? అదుగో, మీ అమ్మ వచ్చింది.”

తల్లి పరుగులాంటి నడకతో లోపలికొచ్చింది. ఒక్క క్షణం కూతురికి ఎవరో అనిపించింది. జుట్టు కొత్తగా కత్తిరించి వంకీలు తిప్పారు. ముఖానికేదో పూశారు. ముప్పయ్యేళ్ళు బట్టల మిల్లులో కుట్టుమిషను ముందు వంగి యూనిఫారాలు కుట్టిన మనిషి, ఎత్తు మడమల చెప్పులతో నిటారుగా నడవలేక గోడ పట్టుకుంది. సాయంత్రం ఆరింటికి ఆమె స్టేజి ఎక్కాలి. ఈ ఏడాది అందరికన్నా ఎక్కువమంది విన్న పాటకి బహుమతి వచ్చింది. దాన్ని గాయకుడికి వాళ్ళమ్మ చేతులమీదుగానే ఇప్పించాలని బహుమతులిచ్చే సభవాళ్ళ ముచ్చట.

“ఇంకా పలకలేదా?”

“నీకు తీరిక దొరికిందా అమ్మా? రిహార్సలు బాగా అయిందా?”

“ఫోను వాళ్ళ దగ్గరుందే. లోపలికి తీసుకెళ్ళనివ్వలేదు.”

“పదకొండుసార్లు చేశాను.”

“పొద్దున బాగానే వెళ్ళాడు కదే! టీ తాగి, కప్పు కూడా కడిగి పెట్టి వెళ్ళాడు. ఇంతలోకే ఏం ముంచుకొచ్చింది?”

“ఇంతలోకా? తొమ్మిది వారాలమ్మా!”

నిజమే, పాట వచ్చి తొమ్మిది వారాలైంది. బస్సులో అదే, కాలేజీ గోడల మీద అదే. పళ్ళ డాక్టరు దగ్గర పన్ను పీకించుకునేవాడు కూడా నోరు తెరుచుకుని అదే వినాల్సి వస్తోంది. పాడినవాడు ఈ ఇంటి కొడుకే. గొంతు కాస్త బొంగురు కాబట్టి చిన్నప్పుడు బళ్ళో పిల్లలు బొంగురోడనేవాళ్ళు. ఇప్పుడు ఆ పేరే పోస్టర్లకెక్కింది. మూసిన తలుపు వెనక అరిచి అరిచి ఆ గొంతు అలా చీరుకుపోయిందని అభిమానుల నమ్మకం. అసలు సంగతి, నాలుగో ఏట వచ్చిన కోరింత దగ్గు. కానీ కోరింత దగ్గుకి ఎవరు చప్పట్లు కొడతారు?

పసివాణ్ణి గదిలో పెట్టి బయట గడియ వేసే తండ్రి మీద పాట అది. “తలుపు కింద అమ్మ వేళ్ళు, తలుపు మీద నాన్న నీడ” అని మొదలవుతుంది. మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. “పది లెక్కపెట్టు అన్నాడు” అని బొంగురు గుసగుసలాడతాడు. అక్కణ్ణుంచి జనం అందుకుని ఒకటి నుంచి పది దాకా గొంతు చించుకుని అరుస్తారు. పది అనగానే డ్రమ్ములు విరుచుకుపడతాయి. ఆ పదంకెలకే పాట జనం నెత్తికెక్కింది.

ఇందులో నిజమెంత అని ఒక ఇంటర్వ్యూలో అడిగితే, “ప్రతి అక్షరం” అన్నాడు బొంగురు. ఆ ఒక్కమాటతో తండ్రి పరువు గంగలో కలిసింది. తాళాలాయన కాస్తా గడియ తాత అయిపోయాడు. బడివాళ్ళు తమ తాళాలు ఇక ముట్టుకోవద్దన్నారు. షట్టరు మీద ఎవరో రంగుతో గడియ బొమ్మ వేసి పోయారు. ఆయన మాత్రం పాటని ఒకే ఒక్కసారి, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నాడు. “గిటారు బాగా వాయించాడు,” అన్నాడు. మరి ఆ విషయం ఎత్తలేదు.

“పొద్దున తొమ్మిదింటికి ఫోనొచ్చింది,” కూతురు చెప్పడం మొదలుపెట్టింది.  “మూడేళ్ళ పిల్ల బాత్రూంలోకి వెళ్ళి లోపల బోల్టు పెట్టేసుకుంది. తియ్యడం రాట్లేదు. నాన్న సంగతి తెలుసుగా, లోపల పిల్లలున్నారంటే ఆయనకి కాలు నిలవదు. సంచీ నేను పట్టుకున్నా, ఆయన ముందు పరిగెత్తాడు. మూడంతస్తులు, లిఫ్టు కోసం కూడా ఆగలేదు.”

“అయ్యో, గుండె!”

“వెళ్ళగానే తలుపుకి నోరానించి, ఎప్పుడూ అనేదే అన్నాడు. ‘భయం లేదు బంగారం, పది లెక్కపెట్టు, పదికల్లా తలుపు తీసేస్తా’ అని. ఆ పిల్ల ఏడుపాపి, ఒకటీ అంది. ఈలోగా వాళ్ళమ్మ నాన్న మొహంలోకి చూసింది. ‘మీరా!’ అంది. ‘మీరొద్దు. నా పిల్ల జోలికి రావద్దు, బయటికి నడవండి’ అని చెయ్యి పట్టుకుని లాగేసింది.”

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“అక్కడితో అయిపోలేదు. నాన్న మెట్ల మీదే నిలబడిపోయాడు. లోపల పిల్ల నాలుగు, ఐదు అంటూనే ఉంది. రెండు నిమిషాల పనమ్మా అది! నేను తీస్తానన్నా వినలేదు వాళ్ళు. పిల్ల పది అంది. తలుపు తెరుచుకోలేదు. కాసేపాగి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.”

“తర్వాత?”

“తర్వాత ఎవరో వచ్చి తలుపు పగలగొట్టారట. మేం అప్పటికే వచ్చేశాం. దారంతా ఒక్కమాట మాట్లాడలేదు నాన్న. చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. ‘ఇవాళ ఎవరొచ్చినా లేనని చెప్పు’ అని లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాడు.”

తల్లి చెప్పులు విప్పేసి, ఇనప తలుపు దగ్గరికెళ్ళి మెల్లిగా తట్టింది.

“ఏవండీ… నేనండీ.”



“అన్నయ్య పాట రాసేటప్పుడు నువ్వింట్లోనే ఉన్నావు కదా?” కూతురు వదల్లేదు. “నేను పుట్టకముందు సంగతులు నాకేం తెలుసు? కానీ నన్ను ఒక్కనాడు గట్టిగా కసరని మనిషి, వాణ్ణి గదిలో పెట్టి గడియేశాడంటే నాకు నమ్మకం కుదరట్లేదు. ఎన్నిసార్లడిగినా నువ్వు మాట దాటేస్తావు. నాన్ననడిగితే నవ్వేస్తాడు. చెప్పమ్మా, ఈయన చేశాడా ఆ పని?”

తల్లి తలుపు వైపే చూస్తూ ఉండిపోయింది.

ఇంతలో వీధిలో గోల లేచింది. కారు హారన్లు, కేకలు, పరుగులు. సెలూనాయన కంగారుగా గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. “మీ అన్నయ్యొచ్చాడు. ఒక్కడే రాలేదు, ఊరంతా వెంటపడి వస్తోంది. ఫైరింజను ఇప్పుడీ సందులోకి దూరినట్టే!”

జనాన్ని తోసుకుంటూ బొంగురు లోపలికొచ్చాడు. నల్ల కోటు భుజం దగ్గర ఎవరో లాగి చింపినట్టున్నారు. చెల్లెల్నీ తల్లినీ చూసి, మూసి ఉన్న ఇనప తలుపుని చూసి ఆగిపోయాడు.

“ఎంతసేపైంది?”

“నీకెందుకు?” అంది చెల్లెలు. “ఇంకో పాటకి సరుకు దొరుకుతుందనా?”

“చెల్లీ, ఇప్పుడు కాదు.”

“ఇంకెప్పుడు? ఆయన పోయాకా? ఇదిగో, ఈ సందులోంచి చూడు. ఆ బూటు గంటన్నర నుంచీ కదల్లేదు. ప్రతి అక్షరం నిజమన్నావుగా, చూడు!”

“అబద్ధం రాయలేదే నేను!” వాడు చెల్లెలి వైపు తిరిగాడు. “నాకున్నదే రాశాను. గడియ చప్పుడు గుర్తుంది. తలుపు తెరుచుకుంటే ఎదురుగా ఆయన, చెయ్యి గడియ మీద. ఒకసారా రెండుసార్లా? రోజూ అంతే. అది మర్చిపోమంటావా?”

“నాన్నని ఒక్కసారి అడిగావా, ఎందుకలా చేశావని?”

“ఆయనని అడగడమా? నాకు నిద్రలో ఇప్పటికీ ఆ చప్పుడే వినిపిస్తుంది.” వాడు తలుపు మీద రెండు చేతులూ వేసి గట్టిగా బాదాడు. “నాన్నా! విను. నిన్ను బాధపెట్టాలని రాయలేదు. సాయంత్రం స్టేజి మీద అందరి ముందూ చెప్తాను, నిన్ను క్షమించేశానని. ఇంక నిన్నెవరూ ఏమీ అనరు. తలుపు తియ్యి నాన్నా!”

“క్షమిస్తావా? అబ్బో, ఎంత పెద్ద మనసు!”

“నువ్వు నోర్ముయ్!”

“నువ్వు మూసుకో ముందు! నోరు తెరిచే కదా ఇంతదాకా తెచ్చావు!”

అన్నాచెల్లెళ్ళు కొట్టుకుంటారేమోనని సెలూనాయన ఒకడుగు లోపలికేశాడు. అంతలో బొంగురు ఉన్నట్టుండి మాట ఆపేశాడు. వాడి చూపు కిందికి దిగింది.

తల్లి తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. కొత్త బట్టలకి ఇనుపరజను అంటుకుంటోంది. కుడిచేతి నాలుగు వేళ్ళూ తలుపు కింది సందులోకి పెట్టింది. పెట్టి, ఆ వేళ్ళని మెల్లగా ఆడిస్తోంది.

ఆ వేళ్ళని బొంగురు చిన్నప్పుడు తలుపు అవతలి నుంచి చూశాడు. చూపుడువేలి మీద సూది గుచ్చుకున్న మచ్చతో సహా గుర్తు. వాటిమీదే పాట కట్టాడు. అవి వచ్చే చేతిని, ఆ చెయ్యి గల మనిషిని, ఇవతలి వైపు నుంచి చూడ్డం ఇదే మొదటిసారి.

“అమ్మా,” అన్నాడు. “గడియ పడిన వెంటనే నీ వేళ్ళొచ్చేవి కదా.”

ఆమె తలెత్తలేదు.

“అంతలోనే ఎలా వచ్చేదానివి? ఆయన వేసి వెళ్ళాక కదా నువ్వు రావాలి?”

“ఆ గడియ వేసింది నేను.”

వీధిలో గోల అలాగే ఉంది.

“మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా నా షిఫ్టు,” ఆమె తలుపుకే చెబుతున్నట్టు చెప్పింది. “నిన్ను చూసేవాళ్ళు లేరు. అంతకు ముందు వారమే రోడ్డు మీదకి పరిగెత్తి లారీ కింద పడబోయావు. ఏం చెయ్యను? లోపల నిద్రపుచ్చి గడియేశాను. ఆ చప్పుడుకి నువ్వు లేచి గుక్కపట్టి ఏడిస్తే, ఏడుపు ఆగేదాకా ఇలా వేళ్ళు పెట్టి కూర్చునేదాన్ని. ఆగాక మిల్లుకి పోయేదాన్ని.”

“మరి నాన్న?”

“మొదటిరోజు సంగతి తెలిసి నన్ను చంపినంత పని చేశాడు. అప్పుడీ షాపు లేదు, బస్టాండు దగ్గర పెట్టె పెట్టుకుని కూర్చునేవాడు. రోజూ నాలుగింటికి పెట్టె కట్టేసి పరిగెత్తుకొచ్చేవాడు. ఉన్నట్టుండి తలుపు చప్పుడైతే జడుసుకుంటావని, మెట్ల కిందనుంచే కేకేసేవాడు. పది లెక్కపెట్టు, వచ్చేస్తున్నా అని. నువ్వు పది అనేసరికి గడియ తీసేవాడు. నీకు ఆ తీసిన మనిషే గుర్తుండిపోయాడు బాబూ. వేసినదాన్ని నువ్వెప్పుడూ చూడలేదు.”

కూతురు గోడకి చేరగిలబడిపోయింది. ఈ వయసొచ్చాక కూడా ప్రతి తలుపు దగ్గరా ఆయన ఎందుకు పది లెక్కపెట్టిస్తాడో ఇప్పుడు అర్థమైంది.

“నేను నిన్నడిగాను,” అన్నాడు బొంగురు. “పాట రాస్తూ వంటింట్లోకొచ్చి నిన్నే అడిగాను. నాన్నే కదమ్మా అన్నాను. నువ్వు గుండీ కుట్టుకుంటూ తల వంచుకున్నావు. నేను దాన్ని అవునని రాసుకున్నాను.”

“కాదని చెబుదామనుకున్నా.”

“ఎప్పుడు?”

“పాట వచ్చిన రోజు. ఆ రోజే మిల్లులో ఆడవాళ్ళంతా వచ్చి నన్ను వాటేసుకున్నారు. ఎంత బాధపడ్డావో తల్లీ అన్నారు. ముప్పయ్యేళ్ళలో ఒక్కళ్ళు నన్ను అలా దగ్గరికి తీసుకోలేదురా. నోరు రాలేదు. ఇంటికొచ్చి మీ నాన్న కాళ్ళ మీద పడ్డాను. ఈ నింద ఎవరో ఒకరి మీద పడాల్సిందేగా, నా మీదే ఉండనీ అన్నాడు. వాడికి నువ్వు కావాలి, నువ్వు కూడా లేకపోతే వాడికింకెవరున్నారు అన్నాడు.” ఆమె నుదురు ఇనుముకి ఆనించింది. “ఏవండీ, చెప్పేశానండీ. ఇంక తీయండి. ఊరందరికీ చెప్తాను. తీయండి.”

బొంగురు తల్లిని పక్కకి జరపలేదు, ఆమె వంక చూడనూ లేదు. ఆమె పక్కనే నేల మీద పడి, చెంప నేలకి ఆనించి, సందు దగ్గర నోరు పెట్టాడు. బూటు అక్కడే ఉంది.

“నాన్నా, నేను లెక్కపెడుతున్నా,” అన్నాడు. “పదికల్లా వచ్చేస్తావుగా?”



“ఒకటి.”

పాటలో వాడే గొంతు కాదది. ఆరేళ్ళ పిల్లాడి గొంతు.

“రెండు.”

గుమ్మం దగ్గర ఎవరో ఫోను పైకెత్తి పట్టుకున్నారు. “లెక్కపెడుతున్నాడ్రా!” అని వెనక్కి కేకేశారు. సెలూనాయన వాళ్ళని వెనక్కి తోసి షట్టరు సగం దించాడు.

“మూడు” దగ్గర గుమ్మం అందుకుంది. “నాలుగు” దగ్గర సందు మొత్తం అందుకుంది. బొంగురు లేచి, “ఆపండి! దయచేసి ఆపండి!” అని అరిచాడు. రాక్ పాటగాడు అరవడం వాళ్ళకి కొత్తేమీ కాదు. ఈలలు వేశారు. ఐదు, ఆరు, ఏడు.

కూతురు పరిగెత్తుకెళ్ళి ఇనప తలుపుకి చెవి ఆనించింది. రెండు అరచేతులూ తలుపు మీద పరిచింది. తాళం మాట చెవికన్నా ముందు చేతికి తెలుస్తుందని తండ్రి నేర్పిన విద్య.

ఎనిమిది. తొమ్మిది.

“పది!” అంది వీధి.

పాటలో డ్రమ్ములు పడే చోటు అది. డ్రమ్ములు లేవు కాబట్టి జనం షట్టరు మీద అరచేతులతో దబదబా బాదారు. షాపు గోడలు అదిరాయి. మేకులకి వేలాడుతున్న తాళంచెవులన్నీ గలగలమన్నాయి.

కూతురి అరచేతుల కింద ఇనుము కదిలింది. గడియ జరిగి కదిలిందో, షట్టరు దెబ్బలకి అదిరిందో ఆమెకి తెలియలేదు. తల్లి వేళ్ళింకా సందులోనే ఉన్నాయి. ఆమె ముఖమెత్తి ఏదో అంటోంది. ఏమంటోందో ఆ హోరులో వినపడలేదు.

ఒక్క క్షణం ఆగమని, ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉండమని, కూతురు వెనక్కి తిరక్కుండానే చెయ్యి పైకెత్తింది.

వీధి ఆ చేతిని చూసింది. ఇంకోసారి అనుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.